తెరవెనక తిప్పలు

టీవీ వెనక అంచుల వెంబడి ఎల్‌ఈడీ స్ట్రిప్ అతికించి, తెరమీద ఏ రంగొస్తే గోడమీదా ఆ రంగే పడేలా సొంతంగా కట్టుకుంటున్నవాళ్లు మన పాఠకుల్లో ఇంతమంది ఉన్నారని ఈ నెల ఉత్తరాలు చూశాకే తెలిసింది. 2004లో ఫిలిప్స్ వాళ్లు ఈ సరదాను ఆంబీలైట్ పేరుతో టీవీలోనే బిగించి అమ్మకానికి తెచ్చారు. ఇప్పుడు అదే పనిని కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే సామానుతో కాలేజీ పిల్లలు చేసేస్తున్నారు. సంతోషమే. కాకపోతే చాలా ఉత్తరాల్లో ప్రశ్న ఒకటే: "ప్రోగ్రాంలో ఏం మార్చాలి?" అయ్యలారా, అమ్మలారా, ల్యాప్‌టాప్ మూసి ముందు మల్టీమీటరు తియ్యండి. పిక్చర్ ట్యూబుల రోజుల్లో టీవీ బాగాలేదని ఎవరొచ్చినా "ఇంట్లో వోల్టేజీ ఎంతుంది, స్టెబిలైజరు ముల్లు ఎక్కడుంది" అనే నేను ముందు అడిగేది. ఈ దీపాలకూ అదే ప్రశ్న. 230 బదులు 5, అంతే తేడా.

"అన్నా, మాది 43 అంగుళాల టీవీ. ఒక్కో దీపం రంగు విడిగ మారే డబ్ల్యూఎస్2812బి స్ట్రిప్, మీటరుకు 60 దీపాలది తెచ్చి నాలుగు దిక్కుల కలిపి 160 దీపాలు అతికించిన. సెట్‌టాప్ బాక్సు హెచ్‌డీఎంఐని స్ప్లిటర్‌తో రెండు చేసి ఒకటి టీవీకి, ఒకటి బొమ్మను పట్టిచ్చే క్యాప్చర్ కార్డు మీదుగ రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటరుకు ఇచ్చిన. అండ్ల తెర రంగులు చదివే హైపీరియన్ ప్రోగ్రాం నడుస్తది. అక్కడికెళ్లి వైఫై మీద ఈఎస్‌పీ8266 అనే చిన్న బోర్డుకు, దాంట్ల దీపాలను నడిపే డబ్ల్యూఎల్‌ఈడీ ప్రోగ్రాం. కరెంటుకు 5 వోల్టుల 3 ఆంపియర్ల అడాప్టరు. క్రికెట్ చూస్తే మస్తుగుంటది. ఓవర్ అయి ప్రకటన రాంగనే దీపాలన్నీ ఆరిపోయి మళ్ల వెలుగుతయి. ఉత్త తెల్లరంగు పెడితే మొదటి దిక్కు తెల్లగ, నాలుగో దిక్కుకు వచ్చేసరికి పసుపు దాటి ఎర్రగ అయితుంది. వెలుగు పెరుగుతదని వీడియోల చూసి, కరెంటు లిమిటు 850 ఉన్నకాడ 10000 కొట్టిన. స్ట్రిప్ నకిలీదా? ప్రోగ్రాం మళ్ల ఎక్కించాల్నా?"
— పాలిటెక్నిక్ విద్యార్థి, సూర్యాపేట

తమ్ముడూ, స్ట్రిప్పూ మంచిదే, ప్రోగ్రామూ మంచిదే. రోగమేంటో నీ ఉత్తరంలోనే ఉంది. క్రికెట్‌కి లేస్తుంది, ప్రకటనకి పడుకుంటుంది అన్నావు చూడు, అదీ సంగతి. ఒక్కో దీపంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు చిప్పులుంటాయి. నిండు వెలుగులో ఒక్కో చిప్పుకు సుమారు 20 మిల్లీ ఆంపియర్లు కావాలి. మైదానం చూపించినంతసేపూ ప్రధానంగా కష్టపడేది ఆకుపచ్చ చిప్పు ఒక్కటే. టూత్‌పేస్టు ప్రకటన వచ్చి తెరంతా తెల్లబడిందా, మూడు చిప్పులూ ఒకేసారి నిండుగా వెలగాలి. అప్పుడు దీపానికి 60 మిల్లీ ఆంపియర్లు, 160 దీపాలకు 9.6 ఆంపియర్లు. నీ అడాప్టరు ఇవ్వగలిగింది 3. మోయలేక కట్ చేసుకుంటుంది, బరువు దిగగానే మళ్లీ లేస్తుంది. అడాప్టరు చేస్తున్న పనిలో తప్పేమీ లేదు.

ఇక ఆ 850 సంగతి. అది మిల్లీ ఆంపియర్లలో పెట్టిన కాపలా. డబ్ల్యూఎల్‌ఈడీ ఆ అంకె దాటకుండా వెలుగును దానంతటదే తగ్గిస్తుంది. అయితే బోర్డులో ఆంపియర్లు కొలిచే పరికరమేదీ లేదు, ఏ దీపానికి ఏ రంగు పంపుతోందో చూసి లెక్కగట్టుకుంటుందంతే. నువ్వు 10000 అని రాస్తే, వెనక అంత కరెంటు ఉందని నీ మాట నమ్మేసింది. వీడియో చేసినవాడి దగ్గర ఎంత పెద్ద సప్లై ఉందో వీడియోలో చూపించి ఉండడు. ఈ రాత్రికే అక్కడ 2500 పెట్టు. ఆరిపోవడం ఆగుతుంది. వెలుగు తగ్గుతుంది, అది వేరే ఖర్చు.

ఎర్రబడటం ఇంకో కథ. మీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టు. స్ట్రిప్‌ను ఆ 2500 లోపలే తెల్లరంగులో వెలిగించి మూడుచోట్ల కొలువు: అడాప్టరు మూతి దగ్గర, స్ట్రిప్ మొదట్లో, స్ట్రిప్ చివర్లో. కాగితం మీద రాసుకో, జ్ఞాపకం మీద వదలకు. మూతి దగ్గరే 4.7 కంటే తక్కువుంటే అడాప్టరుకు ఓపిక లేదు. అక్కడ 5 ఉండి స్ట్రిప్ మొదట్లో 4.5 ఉంటే మధ్యలోని వైరు సన్నం, లేదా ఆ గుండ్రటి పిన్ను కనెక్టరు లూజు. వేలితో తాకి చూడు, వేడిగా ఉంటే దొంగ దొరికినట్టే. మొదట్లో బాగుండి చివర 3.8, 3.9 చూపిస్తే స్ట్రిప్‌లోని రాగి రేకు పలచన. నీ విషయంలో చివరి రెండూ కలిసి ఉంటాయని నా అంచనా.

ఎర్రబడటమే ఎందుకంటావా? ఎరుపు చిప్పుకు 2 వోల్టులు దొరికితే చాలు. నీలానికీ ఆకుపచ్చకీ 3 దాకా కావాలి, దానిపైన లోపలి సర్క్యూట్‌కు కొంత. వోల్టేజీ పడిపోయేకొద్దీ ముందు నీలం వాడిపోతుంది. తెలుపులోంచి నీలం పోతే మిగిలేది పసుపు. తర్వాత ఆకుపచ్చా పోతే ఎరుపు. తలకట్టు భూములు తాగగా మిగిలిందే కాలువ చివరి పొలానికి చేరినట్టు, నాలుగో వైపు దీపాలకు అందేది మిగులు కరెంటే.

కాబట్టి చివరికి వేరే దారిలో నీళ్లు పెట్టాలి. టీవీ చుట్టూ తిరిగొచ్చిన స్ట్రిప్ చివర, మొదలు పక్కనే ఉంటుంది కదా. అదే సప్లై నుంచి ఇంకో జత వైర్లు లాగి చివర 5 వోల్టుకూ గ్రౌండ్‌కూ (అంటే మైనస్‌కూ) సోల్డర్ చెయ్యి. ఏ దీపానికి ఏ రంగో చెప్పే డేటా వైరు మాత్రం మొదట్లోనే, ఒక్కచోటే. 5 వోల్టుల 10 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్, అంటే ఇంటి కరెంటును 5 వోల్టుల డీసీ చేసే సప్లై, తెచ్చుకో, రంధ్రాల ఇనప డబ్బాలో వస్తుంది. ఆ రెండు జతలకూ ఇంటి వైరింగ్‌లో వాడే 1 చదరపు మిల్లీమీటరు వైరు చాలు, చిన్న దూరమే కాబట్టి. స్పీకరు వైరు వద్దు. పాత గుండ్రటి కనెక్టరు పక్కన పడెయ్, 10 ఆంపియర్లు మోయడం దాని తరం కాదు. స్ట్రిప్ మొదట్లో 1000 మైక్రోఫారడ్ల కెపాసిటరు ఒకటి 5 వోల్టుకూ గ్రౌండ్‌కూ మధ్య పెట్టు. 10 వోల్టులదైనా 16 వోల్టులదైనా సరే, మైనస్ గీత గ్రౌండ్ వైపు ఉండాలి. ఇవన్నీ అయ్యాక లిమిటును 8000 చేసుకో. 10కి 10 పిండొద్దు.

ఎస్‌ఎంపీఎస్ మీద చిన్న స్క్రూ ఒకటుంటుంది, వోల్టేజీ కాస్త అటూ ఇటూ చేయడానికి. చివర్లో తగ్గిందని దాన్ని తిప్పి 5.5 చేసే మహానుభావులున్నారు. ఈ దీపాలకు హద్దు 5.3. మొదటి దీపాలు మాడితే చివరి దీపాలు తెల్లగా ఉండి ఏం లాభం?

"మాస్టారూ, మా అబ్బాయి హాస్టలుకు వెళ్తూ సగంలో వదిలేసిన పనిని నేను పూర్తి చేశాను. స్ట్రిప్‌కు ఎస్‌ఎంపీఎస్, ఈఎస్‌పీ బోర్డుకు ఫోను చార్జరు. తెర నల్లగా ఉన్నా దీపాలు తోచిన రంగులు వేస్తూ మిణుకుమంటున్నాయి. డేటా వైరు మీద వేలు పెడితే రంగులు మారిపోతున్నాయి! పైగా ఎరుపు రావాల్సిన చోట ఆకుపచ్చ వస్తోంది."
— గణితం టీచరు, పాలకొల్లు

టీచరు గారూ, ఆ వేలు పెట్టి చూసిన పని చాలా మంచిది. తాకగానే రంగులు మారాయంటే బోర్డు చెప్పే మాటకు, స్ట్రిప్ వినే మాటకు కొలబద్ద ఒకటి కాదని అర్థం. ఫోను చార్జరు మైనస్ వేరు, ఎస్‌ఎంపీఎస్ మైనస్ వేరు. రెండింటినీ ఒక వైరుతో కలపండి. బోర్డు మీద జీఎన్‌డీ అని ఉన్న పిన్ను నుంచి స్ట్రిప్ గ్రౌండ్‌కు. ఇంకా మేలు, చార్జరే తీసేసి అదే ఎస్‌ఎంపీఎస్ 5 వోల్టులను బోర్డులో కరెంటు తీసుకునే విన్ (వీఐఎన్) పిన్నుకు ఇచ్చేయండి. రెండు సప్లైల గొడవే ఉండదు. చార్జరు ఉంచుకుంటే మాత్రం ప్లస్‌లు రెండూ కలపకండి, మైనస్‌లు మాత్రమే.

ఇది చేశాక కూడా అప్పుడప్పుడూ మిణుకు మిగిలితే మీకిష్టమైన లెక్క ఒకటుంది. డబ్ల్యూఎస్2812బి తన సప్లై వోల్టేజీలో 0.7 వంతు దాటితేనే సిగ్నల్ వచ్చిందని ఒప్పుకుంటుంది. 5 వోల్టులకు అది 3.5. మన బోర్డు ఇచ్చేది 3.3. కాగితం మీద ఇది పనిచేయకూడదు. వైరు పొట్టిగా ఉంటే చాలా ఇళ్లలో పనిచేసేస్తుంది, అందుకే "నాకు బాగానే ఉందే" అనేవాళ్లు ఎక్కువ. శాశ్వతంగా కుదరాలంటే 74 ఏహెచ్‌సీటీ 125 అనే చిప్పు మధ్యలో పెట్టి 3.3ను 5 చేసుకోవాలి. చిప్పు దొరకని ఊళ్లో చిన్న ఉపాయం: మొదటి దీపాన్ని ఒక్కదాన్నీ స్ట్రిప్ నుంచి కోసి, దాని 5 వోల్టు దారిలో 1ఎన్4007 డయోడు వెయ్యండి. డయోడు 0.7 తినేస్తే దానికి అందేది 4.3. దాంట్లో 0.7 వంతు 3.01. మన 3.3 ఇప్పుడు సరిపోయింది. ఆ దీపం తర్వాతిదానికి పంపే సిగ్నల్ 4.3 దాకా ఉంటుంది, 3.5 కంటే హాయిగా ఎక్కువ. డయోడు మీద వెండిగీత దీపం వైపు రావాలి. దీంతోపాటు డేటా వైరులో, స్ట్రిప్‌కు దగ్గరగా, 330 ఓముల రెసిస్టరు ఒకటి.

ఎరుపుకు ఆకుపచ్చ రావడం అసలు జబ్బే కాదు. ఈ దీపాలు రంగులను ఆకుపచ్చ, ఎరుపు, నీలం వరసలో అందుకుంటాయి. సెట్టింగుల్లో రంగుల వరస ఆర్‌జీబీ అని ఉంటే జీఆర్‌బీ చేయండి. ఒకవేళ ఎడమ రంగు కుడివైపు పడుతుంటే అదీ సెట్టింగే. అబ్బాయి టీవీని గోడవైపు తిప్పి వెనకనుంచి చూస్తూ సవ్యదిశలో అతికించి ఉంటాడు. ముందునుంచి చూసే మనకు అది అపసవ్యం. హైపీరియన్‌లో దిశ తిప్పుకుంటే చాలు, స్ట్రిప్ పీకక్కర్లేదు.

"సార్, సెట్‌టాప్ బాక్సు పెడితే గోడంతా రంగులు. టీవీలోనే ఉన్న ఓటీటీ యాప్ తెరిస్తే దీపాలు చలనం లేకుండా ఉంటాయి. ఏ వైరు మార్చాలి?"
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు

ఏ వైరూ మార్చి లాభం లేదు. మీ క్యాప్చర్ కార్డు చూసేది హెచ్‌డీఎంఐ తీగలో వచ్చే బొమ్మను. టీవీ యాప్ బొమ్మ టీవీ పొట్టలోనే పుట్టి తెరమీదకే పోతుంది, బయటి తీగలోకి రాదు. కంపెనీయే ఆంబీలైట్ బిగించి అమ్మిన టీవీకి ఆ ఇబ్బంది లేదు, లోపలి బొమ్మ దానికి తెలుసు కాబట్టి. మీకు రెండు దారులు. యాప్‌లను టీవీలో కాకుండా బయట పెట్టే స్టిక్‌లో చూడటం ఒకటి, అప్పుడు అది స్ప్లిటర్ మీదుగా వస్తుంది. అయితే కొన్ని యాప్‌లు కాపీ తాళం వేసి పంపుతాయి, క్యాప్చర్ కార్డుకు నల్లతెరే దక్కుతుంది. అది పాడవడం కాదు, తాళం తన పని తాను చేయడం. రెండోది టీవీ ముందు చిన్న కెమెరా పెట్టి తెరను చూపించడం. గదిలో ట్యూబ్‌లైటు వేస్తే రంగులు పాలిపోతాయి. మెచ్చుకోను గానీ పనిచేస్తుంది.

"అయ్యా, స్ట్రిప్ పెట్టినప్పటి నుంచి టీవీ వెనక ఇనుము తాకితే జివ్వుమంటోంది. చెప్పులు వేసుకుంటే లేదు. దీపాలు మాత్రం చక్కగా వెలుగుతున్నాయి. పట్టించుకోవాలా?"
— రిటైర్డు ఉద్యోగి, ఒంగోలు

ఈ నెల ఉత్తరాలన్నిటిలో ముందు చదవాల్సింది మీది. పట్టించుకోవాలి, ప్లగ్గు ఇప్పుడే పీకండి. ఇనప డబ్బా ఎస్‌ఎంపీఎస్‌కు ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ అని మూడు స్క్రూలుంటాయి. దీపాలు రెండు వైర్లతోనే వెలుగుతాయి కాబట్టి మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. లోపల రేడియో గోల ఆపే చిన్న కెపాసిటర్లు ఫేజ్‌కూ డబ్బాకూ, న్యూట్రల్‌కూ డబ్బాకూ మధ్య కూర్చుని ఉంటాయి. ఎర్త్ లేకపోతే డబ్బా మెయిన్స్‌లో దాదాపు సగం వోల్టేజీ దగ్గర వేలాడుతుంది. ఆ కరెంటు బహు కొద్ది, అందుకే జివ్వుమని ఊరుకుంది. కానీ లోపల ఏదో ఒకటి తెగి ఫేజే డబ్బాకు తగిలిన రోజున ఊరుకోదు. అప్పుడు ఫ్యూజు కొట్టించేది ఆ మూడో వైరే.

మూడు పిన్నుల ప్లగ్గు, మూడు వైర్ల త్రాడు వేయించండి. అంతకంటే ముందు మీ గోడ సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. పాత ఇళ్లలో పెద్ద రంధ్రం ఉంటుంది, దాని వెనక వైరే ఉండదు. స్క్రూల మీద ప్లాస్టిక్ మూత ఊడిపోయి ఉంటే అలాంటి ఎస్‌ఎంపీఎస్‌ను టీవీ వెనక పెట్టకండి. దుమ్ము తుడవడానికి చెయ్యి పోయేది అక్కడికే.

"గురువు గారూ, మా టీవీకి బొమ్మ పోయింది, మాట వస్తోంది. బ్యాక్‌లైట్ పోయిందన్నారు. బజారులో దొరికే 12 వోల్టుల స్ట్రిప్ లోపల అతికిస్తే తక్కువలో పోతుందని ఒక మిత్రుడు అంటున్నాడు."
— కిరాణా వ్యాపారి, మంచిర్యాల

ముందు రోగం ఖాయం చేసుకోండి. గది చీకటి చేసి టీవీ ఆన్ చేసి, తెరకు దగ్గరగా టార్చి ఏటవాలుగా కొట్టండి. లోపల బొమ్మలు నీడల్లా కదులుతుంటే ప్యానెల్ బతికే ఉంది, పోయింది వెనక దీపాలే. లేకపోతే కథ వేరు.

మీ మిత్రుడి వైద్యం మాత్రం వద్దు. టీవీ లోపలి దీపాలు వరసగా ఒకదానికొకటి సిరీస్‌లో ఉంటాయి. ఒక్కటి తెగితే వరసంతా ఆరుతుంది. వాటిని నడిపే డ్రైవరు వోల్టేజీ కాదు, కరెంటును పట్టి ఉంచుతుంది. వోల్టేజీ పదుల్లో మొదలై కొన్ని టీవీల్లో వంద దాటుతుంది. అక్కడ 12 వోల్టుల బజారు స్ట్రిప్ కలిపితే స్ట్రిప్ మాడుతుంది, లేదా డ్రైవరు తప్పు జరిగిందని పసిగట్టి టీవీనే ఆపేస్తుంది. ఎలాగో వేరే సప్లై ఇచ్చి వెలిగించినా, ఆ దీపాల మీద వెలుగును పరిచే గాజుబొట్టు లాంటి లెన్సు ఉండదు. తెరమీద చారలు పడతాయి. తెల్లచొక్కా హీరో గళ్ల చొక్కాతో కనిపిస్తాడు.

మీ మోడల్ నంబరుకు సరిపడే స్ట్రిప్‌ల సెట్టే వేయించండి. పోయిన ఒక్క దీపాన్నే మార్చమని బేరమాడకండి. మిగతావన్నీ అదే వయసువి, ఈ ఏడాది ఒకటి, వచ్చే ఏడాది ఇంకొకటి. దీపాల్లో 3 వోల్టులవీ 6 వోల్టులవీ ఉంటాయి, చూడటానికి ఒకేలా ఉంటాయి, ఒకదాని బదులు ఇంకొకటి పనికిరాదు. పని ఖర్చు దీపాలది కాదు, ప్యానెల్ గాజును పగలకుండా ఎత్తి దించే చేతులది. ఇద్దరు పట్టే చోటే ఇవ్వండి. బాగయ్యాక సెట్టింగుల్లో బ్యాక్‌లైట్ 100 మీద ఉంచకుండా 60, 70కి దించండి. వేడి తగ్గితే దీపాలు ఎక్కువ కాలం ఉంటాయి. కళ్లకూ హాయి.

"ఎండాకాలం రాగానే స్ట్రిప్ మూలల్లో ఊడి వేలాడుతోంది. ఫెవిక్విక్ వేశాను, మళ్లీ ఊడింది. ఇప్పుడు రెండో మూల తర్వాత దీపాలే రావడం లేదు. మా గోడ చిలకాకుపచ్చ, ఎరుపు కూడా ఎర్రగా కనిపించట్లేదు."
— గృహిణి, విజయనగరం

అమ్మా, స్ట్రిప్‌ను మూలలో మడిచారు కదూ? మడతలో రాగి రేకు చిట్లింది. అక్కడ కత్తెర గుర్తు దగ్గర కోసి, మూడు పొట్టి వైర్లతో రెండు ముక్కలనూ కలిపించండి. బాణం గుర్తులు రెండింటిమీదా ఒకే దిక్కుకు ఉండాలి. అప్పటికీ రాకపోతే, వెలిగే వాటిలో చివరి దీపం బయటికి పంపడం లేదు, లేదా ఆరినవాటిలో మొదటిది అందుకోవడం లేదు. ఏది దోషో తేల్చుకోవడం కంటే రెండూ కోసేసి కొత్తవి వేయడం తేలిక.

అతికించే ముందు టీవీ వెనక భాగాన్ని స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి, దుమ్మూ జిడ్డూ ఉంటే ఏ జిగురూ నిలవదు. ఫెవిక్విక్ ఎండాక పెళుసు, వేడికి స్ట్రిప్ సాగితే పట్టు వదులుతుంది. మూలల్లో చిన్న ప్లాస్టిక్ క్లిప్పులు పెట్టండి. గాలి రంధ్రాల మీదుగా మాత్రం పోనివ్వకండి. గోడ సంగతంటారా, చిలకాకుపచ్చ గోడ ఎరుపును మింగేస్తుంది. హైపీరియన్‌లో రంగుల సవరణ దగ్గర ఆకుపచ్చను కొంచెం కొంచెంగా దించుతూ, తెల్లరంగు గోడమీద తెల్లగా కనిపించే దాకా రండి. లేదంటే టీవీ వెనక ఆ ఒక్క పట్టీకి తెల్లసున్నం వేయించండి. నేనైతే సున్నమే వేయిస్తాను.